‘నాకు తెలియదు’ అన్న కరీముల్లా మాస్టారు

కరీముల్లా మాస్టారు ఇక లేరు. ఈ నాలుగు మాటలు కాగితం మీద పెట్టడానికి నాకు నెల పైన పట్టింది.

ఆ రోజు శుక్రవారం. పొద్దున పదిగంటల వేళ అంగట్లో కూర్చుని ధనియాలు పొట్లం కడుతున్నాను. హైస్కూలు బంట్రోతు వచ్చి, సైకిలు దిగకుండానే ఒక కాలు నేలకు ఆనించి, "పెంచలయ్యన్నా, కరీముల్లా సారు పొయ్యినాడు. టీ తాగి అరుగు మీద కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిపొయ్యినాడంట" అని చెప్పి, ఇంకా చెప్పవలసిన ఇళ్ళు ఉన్నవాడిలా తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే గదా ఆ మహానుభావుడు నా అంగటి బల్ల మీద కూర్చుని నాతో గంటసేపు పోట్లాడి, "రేపొచ్చి చెప్తాలే అన్నా నీ సంగతి" అని గొడుగు తీసుకుని లేచింది! ముప్ఫై ఏళ్ళలో మా పోట్లాట ఏ ఒక్కనాడూ తెగలేదు. ఇక తెగబోదు. ధనియాలు కొనవచ్చిన ఆమె, "ఏమయింది పెద్దాయనా, దారం అట్టనే పట్టుకోనుండావు" అని అడిగేదాకా నాకు ఒంటి మీద స్పృహ లేదు.

జనాజాకు నేనూ భుజం పట్టాను. అరవై ఎనిమిదేళ్ళ భుజం, పది అడుగులకే వేరేవాళ్ళు అందుకున్నారు. గోరీ మీద మూడు పిడికిళ్ళ మన్ను వేసి ఇంటికి వచ్చి పడుకున్నాను.

వారం తిరిగాక హైస్కూల్లో సంతాపసభ పెట్టారు. మాట్లాడినవారంతా పట్టభద్రులు. ఏ ఏట లెక్కల్లో ఎందరు ఉత్తీర్ణులైనారో, ఎందరికి మొదటి తరగతి దక్కిందో ఏకరువు పెట్టారు. ఒక పెద్దమనిషి ఆయనను ‘మార్కుల మాంత్రికుడు’ అని కీర్తించాడు. వెనక బెంచీ మీద కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయింది. చివరి పదేళ్ళూ ఆ మనిషి ఏ మాటతో కుస్తీ పట్టాడో, ఆ మాటనే దండగా కట్టి ఆయన పటానికి వేశారు. రెండు ముక్కలు చెబుదామని లేచాను. "టైము లేదు పెద్దాయనా" అన్నారు. మూడో తరగతితో చదువు నిలిపిన అంగడివాడికి విద్వత్సభలో టైము ఎప్పుడుంది గనక! కనుక ఇక్కడ రాస్తున్నాను. ఓపిక లేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఆయన ఎవరో తెలిసిన వాళ్ళలో ఇంకా మాట్లాడదలచినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలినట్టున్నాను.

కరీముల్లా గారి నాయన కళాయి వేసే మనిషి. ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకు తగరం పూసేవాడు. ఒక చేత్తో తిత్తి ఊదుతూ ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని చదివానని మాస్టారు చెప్పుకునేవారు. బడిలో ఆయనను చివరి వరుసలో కూర్చోబెట్టారు. పేరు పెట్టి కాదు, ‘ఒరే కళాయీ’ అని పిలిచేవారు. ఏడాది చివర పరీక్షలో అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చిన రోజున, అట్లా పిలిచిన అయ్యవారే, "కరీముల్లా, ముందుకు రా" అన్నాడట. తన పేరు బడిలో మొట్టమొదట వినబడింది ఆనాడేనని ఆయన నాతో ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. అందుచేతనే ఆయనకు మార్కుల మీద అంత భక్తి. నేను మార్కులను ఎగతాళి చేసినప్పుడల్లా, "తిట్టన్నా, తిట్టు. నన్ను చూసి మార్కేసినోడు ఒక్కడు లేడు. నా కాగితం చూసి వేసినారు. నన్ను చూసి వేసుంటే ఈపాటికి నీ అంగటి ముందర కూసోని నీ గిన్నెలకు కళాయి పెడతా ఉంటా" అనేవారు. ఆ మాట అన్న పూట నేను తక్కెడ తుడుస్తూ మాట మార్చేవాణ్ణి.

ఇక నా మార్కుల ద్వేషానికి కారణం చెప్పాలి. నేను చదువుకున్నది అంగట్లోనే. ఏటా ఎండాకాలంలో హైస్కూలు వాళ్ళు పాత జవాబు పత్రాలను గోనెసంచుల్లో కట్టి నాకు తూకానికి అమ్మేవారు. పప్పుకూ మిరపకాయలకూ పొట్లాలు కట్టడానికి అంతకంటే మంచి కాగితం దొరకదు. బేరం లేని వేళల్లో వాటిని ఒక్కొక్కటే చదువుతూ పోయాను. చరిత్ర, భూగోళం, పద్యాల తాత్పర్యాలు, సామాన్య శాస్త్రం అన్నీ అట్లా వచ్చినవే. లెక్కల కాగితాలు మాత్రం నాకు కొరుకుడు పడేవి కావు, వాటిని ఉప్పు పొట్లాలకు వాడేవాణ్ణి. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. ఒక్క లెక్కల సారు తప్ప తక్కినవాళ్ళు మార్కులు వేసేది మొదటి కాగితం మీదనే. దారం తెంపి విప్పేసరికి ఆ మొదటి కాగితం ఎక్కడికో, తక్కినవి ఎక్కడికో పోయేవి. ఏది నూటికి ఎనభై వచ్చిన చదువో, ఏది సున్నా వచ్చిన చదువో నాకు తెలిసే దారి లేదు.

ఒకనాడు అశోకుడి ప్రస్తావన వచ్చింది. కళింగ యుద్ధంలో ఓడిపోయిన అవమానం భరించలేక అశోకుడు బౌద్ధంలో చేరాడని నేను నిక్కచ్చిగా చెప్పాను. మాస్టారు నవ్వు ఆపుకోలేక బల్ల మీద నుంచి లేచి వీధిలోకి వెళ్ళి నిలబడ్డారు. తిరిగి వచ్చి, కళ్ళు తుడుచుకుంటూ, "అన్నా, గెలిచినాడు. గెలిచి ఏడ్చినాడు. అదే గదా విశేషం! యాడ చదివినావు ఇది?" అన్నారు.

"నీ బడి కాగితంలోనే."

"అది సున్నా వచ్చిన కాగితం అయ్యుంటాది."

"సున్నా ముక్క ఎవరి ఇంటికో జీలకర్రతో పొయ్యింది. నాకేం తెలుసు?"

పదేళ్ళు ఆ తప్పును మోశాను. కానీ మార్కు లేకుండా చదవడం వల్ల నాకొకటి అబ్బింది. రాసినవాడు ఆలోచించి రాశాడా, మింగి కక్కాడా అన్నది నాలుగు వాక్యాల్లో తెలిసిపోయేది. పది కాగితాల్లో ఒకే వాక్యం, ఒకే కామా, ఒకే ‘కావున’ కనబడితే అది గైడు పుస్తకమని గ్రహించేవాణ్ణి. అశోకుణ్ణి ఓడించినవాడు తప్పు రాశాడు, నిజమే. కానీ వాడి తప్పు వాడిదే. ఓడిపోకుండా మనిషి ఎందుకు మారతాడు అని వాడు ఆలోచించాడు. ఆ మాట అంటే మాస్టారు, "ఆలోచనకు కాలేజీలో సీటియ్యరన్నా" అని తోసిపుచ్చేవారు.

మా ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. బడి పరీక్షల మార్కులు కూడా ఎక్కించే ఎస్సెస్సెల్సీ మార్కుల పుస్తకాలు చేతికి వచ్చిన వారం రోజులు, సాయంత్రం పూట తల్లిదండ్రులంతా బిడ్డలను వెంటబెట్టుకుని కరీముల్లా మాస్టారి అరుగు ముందు నిలబడేవారు. ఆయన పుస్తకం అందుకుని, చేయి చాచి దూరంగా పట్టి, పై నుంచి కిందికి ఒకసారి చూసి, ఒక్క మాట చెప్పేవారు. ‘కాలేజీ’ అనో, ‘ట్రైనింగు’ అనో, ‘పని’ అనో. కాలేజీ అంటే నెల్లూరు బస్సెక్కడం. ట్రైనింగు అంటే ప్రాథమిక పాఠశాల పంతులు కావడం. పని అంటే పొలమో, అంగడో, పడవో. తెచ్చిన అరటిపండ్లను తాకకుండా తిప్పి పంపేవారు. ఆ మాట మీద ఊళ్ళో ఒక్కరూ ఎదురు చెప్పలేదు. సంబంధాలు కూడా ఆ మాటను బట్టే కుదిరేవి. ఇదంతా అన్యాయమని నా అంగట్లో కూర్చుని నేను ఏళ్ళ తరబడి అరిచాను.

అరిచినవాణ్ణే నేనూ ఒకనాటి సాయంత్రం ఆ వరుసలో నిలబడ్డాను. ఇంటర్మీడియట్ ఎత్తివేసి పి.యు.సి. అనే ఏడాది చదువు పెట్టిన కొత్త రోజులు. నా కూతురు కామాక్షి ఆ ఏడు ఎస్సెస్సెల్సీ తప్పింది కాదు గానీ, లెక్కల్లో గట్టెక్కిందంటే గట్టెక్కింది, అంతే. దానికి కాలేజీ చదువు చదవాలని ఆశ. మాస్టారు పుస్తకం చూశారు. మామూలు కంటే ఎక్కువసేపే చూశారు.

"ట్రైనింగు" అన్నారు.

"మాస్టారూ, పాపకి చదవాలని ఉండాది."

"నాకు మాత్రం పంపాలని ఉండదా అన్నా? పీయూసీలో అంతా ఇంగ్లీషున చెప్తారు. ఈ మార్కులతో పోతే నాలుగు నెలలకే ఏడ్చుకుంటా వస్తాది. ఆడపిల్ల ఫెయిలయి ఇంటికొస్తే ఈ ఊరి నోరు మూయగలవా నువ్వు?"

మార్కులన్నీ మాయ అని ఇరవై ఏళ్ళు వాదించినవాణ్ణి, ఆ మార్కుల పుస్తకమే చంకన పెట్టుకున్నాను. ఆయన బి.ఏ. నేను మూడో తరగతి. చెప్పులు వేసుకుని వచ్చేశాను. కామాక్షి అంగట్లో కూర్చుని పొట్లాలకు కాగితాలు మడుస్తోంది.

"ఏమన్నారు నాయినా?"

"ట్రైనింగు అన్నారమ్మా."

చేతిలో ఉన్న కాగితాన్ని చివరిదాకా, మూలలు కలిసేదాకా మడిచింది. "మాస్టారు చెప్పినాక ఇంకేముందిలే" అంది. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

అదే ఏడు ఆ అరుగు మీద ‘కాలేజీ’ అనిపించుకున్న వారిలో దశరథ అనే కుర్రవాడు ఉన్నాడు. కోట వైపు పల్లెలో వరి రైతు కొడుకు, బడికి ప్రథముడు. మాస్టారికి వాడిలో తన చిన్ననాటి రూపం కనబడింది. తానే బస్సెక్కించి, నెల్లూరు తీసుకుపోయి, కాలేజీలో చేర్పించి, హాస్టలు గదిలో పెట్టె కూడా తానే సర్ది వచ్చారు. ఆ దశరథ పి.యు.సి. ఫెయిలయ్యాడు. మళ్ళీ రాశాడు, మళ్ళీ పోయింది. పెట్టె నెత్తిన పెట్టుకుని ఇల్లు చేరాడు.

ఆ వార్త విన్న రోజునే మాస్టారు వాళ్ళ పల్లెకు వెళ్ళారు. తిరిగి వచ్చి ఇంటికి పోకుండా నేరుగా నా అంగటికి వచ్చి బల్ల మీద కూలబడ్డారు. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు.

"వాడు నన్ను తిట్టుంటే బాగుండేదన్నా. మడిలో నారు పీకతా, తల ఎత్తకుండా చెప్పినాడు. ‘సార్, మీరు ఏమడగతారో నాకు ముందే తెలుసు. వాళ్ళు ఏమడగతారో తెలియలా’ అన్నాడు."

ఓదార్చవలసిన సమయం. నాకు ఓదార్చడం చేతకాదు. "ఆ సంగతి నాకు ఎప్పుడో తెలుసు" అన్నాను.

"నీకెట్టా తెలుసు?"

లోపలి నుంచి రెండు సంచుల కాగితాలు తెచ్చి ఆయన ముందు పోశాను. ఒకటి ఆ ఏటిది, ఒకటి అంతకు ముందు ఏళ్ళది. "చూసుకో. ఏటా సామాన్య శాస్త్రం ప్రశ్నల్లో అదే కొవ్వొత్తి, అదే సున్నపు నీళ్ళు. లెక్కలు నాకు కొరుకుడు పడవు, అవి నువ్వే ఏరుకో. నీ బడి ఆరేళ్ళుగా ఒకే పరీక్ష పెడతా ఉంది. అన్న నోట్సు తమ్ముడికి, తమ్ముడి నోట్సు పక్కింటోడికి. నీ మార్కులు ఎవడికి నోట్సు దొరికిందో చెప్తాయి మాస్టారూ. వాడికి తలకాయ ఉందో లేదో చెప్పవు."

ఆయన కోపగిస్తారనుకున్నాను. కోపగించి ఉంటే ఆ రోజూ మామూలు రోజే అయ్యేది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, నేల మీద చతికిలబడి లెక్కల కాగితాలు వేరుచేయడం మొదలుపెట్టారు. మూడు రోజులు అదే పని. అంగటికి వచ్చిన వాళ్ళు, బి.ఏ. చదివిన సారు ఎండుమిరపకాయల ఘాటుకు తుమ్ముతూ చిత్తుకాగితాలు ఏరుకుంటుంటే చూసి నోళ్ళు నొక్కుకున్నారు. ఒక ఇల్లాలు చేతిలో ఉన్న ఉప్పు పొట్లం కూడా ఆయన వదల్లేదు. "ఒక్క నిమిషం తల్లీ" అని బతిమాలి, ఉప్పు వేరే కాగితంలో పోయించి, ఆ ముక్కను చొక్కాకు తుడిచి దాచుకున్నారు. ఏమి వెతుకుతున్నారో చెప్పలేదు. ఆ ఏటి నుంచి లెక్కల కాగితాలు నాకు అమ్మనివ్వలేదు. ఇంటికి తీసుకుపోయి ఒక రేకుపెట్టెలో పెట్టుకునేవారు.

మరుసటి ఎండాకాలం యథావిధిగా జనం అరుగు ముందు చేరారు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను, చూడడానికే వెళ్ళాను. మొదటి వరుసలో ఒక రైతు, తన కొడుకు మార్కుల పుస్తకం చాచాడు. మాస్టారు చూశారు. మూసి ఇచ్చేశారు.

"నాకు తెలియదు" అన్నారు.

"తెలియదంటే ఎట్టా సారూ? నీకే తెలియకపోతే మాబోటోళ్ళకు ఏం తెలస్తాది?"

"పంపి చూడు. నిలబడితే చదివించు."

"నిలబడకపోతే?"

"ఆ సంగతే నాకు తెలియదంటా ఉండా."

"ఇన్నేళ్ళు తెలిసిందే, ఈ ఏడే తెలియకుండా పోయిందా!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "ఇన్నేళ్ళు కూడా తెలియదబ్బయ్యా. తెలుసనుకున్నా" అన్నారు.

ఆ ఒక్క మాటతో ఊరు ఆయనను వదిలేసింది. సారుకు మతి చెడిందన్నారు కొందరు. ఎవరో ఏదో ముట్టజెబితేనే నోరు విప్పుతాడట అని కూడా అన్నారు, ఆ అన్నవాడు నా అంగటికి వస్తే బెల్లం లేదని పంపేశాను. ఆ తరువాత ఆయన పరీక్ష ప్రశ్నలు ఏటికేడు మార్చడం మొదలుపెట్టారు. మార్కులు పడిపోయాయి. హెడ్‌మాస్టరు పిలిచి, బడి పేరు పాడవుతోందని మందలించాడు. "బడి పేరు బాగుంది సార్, పిల్లోళ్ళ పేర్లే పాడవుతుండాయి" అని చెప్పి వచ్చేశారట. సంతాపసభలో ఆయన ‘మాంత్రికత్వం’ గురించి కంటతడి పెట్టింది ఆ హెడ్‌మాస్టరే.

కాలేజీకి వెళ్ళిన పాత విద్యార్థులందరికీ ఆయన కార్డులు రాశారు. ‘అక్కడ నీకు ఏది కష్టమైంది? ఇక్కడ నేను ఏది చెప్పి ఉంటే మేలయ్యేది?’ అని రెండే ప్రశ్నలు. జవాబులు వస్తే నా బల్ల మీదనే చదివేవారు. ఇక్కడ నేను నిజం దాచకూడదు. మంచి మార్కులతో వెళ్ళినవారిలో ఎక్కువమంది అక్కడా బాగానే చదివారు. అట్లాంటి జాబు వచ్చినప్పుడు నా ముఖం ముందు ఆడించి, "చూసినావా అన్నా, మార్కులకు కొంచెం మర్యాద ఇయ్యి" అనేవారు. అంతంతమాత్రం మార్కులతో వెళ్ళి డిగ్రీ పుచ్చుకున్నవాడి జాబు వస్తే నేను లాక్కుని రెండుసార్లు బిగ్గరగా చదివేవాణ్ణి. అట్లా ఏళ్ళు గడిచాయి. చివరికి ఒకనాడు ఆయన అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మార్కులు అబద్ధం చెప్పవన్నా. అడిగినదానికే జవాబు చెప్తాయి. మనం అడగనిది కూడా అవి చెప్పినాయని ఊరంతా నమ్మినాం, అదే తప్పు."

ఆ తరువాత కార్డులు దొంతిగా పేరుస్తూ ఇంకో మాట అన్నారు. "ఈ కార్డులన్నీ నేను కాలేజీకి పంపినోళ్ళవే. పంపనోళ్ళకు ఏం కార్డు రాయాల? వాళ్ళు పోయుంటే ఏమయ్యేవాళ్ళో ఎవరు చెప్తారు? మన కామాక్షి సంగతే చూడు. పాసయ్యేదో, ఏడ్చుకుంటా వచ్చేదో నాకు తెలియదు. తెలిసే దారి నేనే మూసినా."

ఆయన మూస్తే, తాళం వేసిన చేయి నాది.

అప్పటికి కామాక్షి తోటపల్లి గూడూరు వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తోంది. పెళ్ళయింది, ఒక బిడ్డ. పోయిన ఏడాది ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు, ఉపాధ్యాయులు ప్రైవేటుగా కూర్చుని పి.యు.సి. రాయవచ్చునని తెలిసి మాస్టారు ఎండలో పరుగెత్తుకుంటూ వచ్చారు. లెక్కలు తానే చెబుతానన్నారు. దరఖాస్తు కాగితం కూడా జేబులోనే ఉంది.

కామాక్షి ఆయనకు మజ్జిగ ఇచ్చి, కింద కూర్చుంది. "ఎందుకు మాస్టారూ ఇప్పుడు?" అంది.

"నువ్వు పాసవతావని నాకు అనిపిస్తా ఉందమ్మా. తెలుసుకోవాల గదా."

"మీకు తెలుసుకోవాలని ఉండాది. నాకు చదవాలని ఉండింది. రెండూ ఒకటి కాదు మాస్టారూ."

గొంతు పెంచలేదు. పరుషం లేదు. మాస్టారు మజ్జిగ పూర్తిగా తాగి, గ్లాసు బోర్లించి పెట్టి, "నిజమే తల్లీ" అని లేచారు. దరఖాస్తు కాగితం మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. అంతటి పండితుణ్ణి ఒక్క వాక్యంతో నా బిడ్డ ఓడించిందని గర్వపడాలో, కుమిలిపోవాలో తెలియక ఆ పూట నేను అన్నం తినలేదు.

చనిపోయే ముందురోజు మా పోట్లాట కూడా ఆ సంగతే. "ఇన్ని కార్డులు రాసినావు, ఇన్ని కాగితాలు దాచినావు. నా కూతురి సంగతి మాత్రం తేల్చలేకపోయినావు" అని నేనే ఎత్తిపొడిచాను. ముసలితనంలో నోరు అదుపులో ఉండదు. అప్పుడే ఆయన గొడుగు అందుకుని, "రేపొచ్చి చెప్తాలే అన్నా నీ సంగతి" అన్నది.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయిన తరువాత ఆయన భార్య జైనబ్బీ గారు కబురు పంపారు. వెళ్ళాను. రేకుపెట్టె అరుగు మీద పెట్టి ఉంది. "అన్నా, ఇన్ని కాగితాలు నేనేం చేసుకునేది? చెదలు పడతాయి. నీ అంగటికి పనికొస్తాయి, తీసుకపో" అన్నారు ఆ తల్లి. అందులో ఎగతాళి లేదు. మా ఊళ్ళో పాత కాగితాలు చేరేది నా దగ్గరికే. తరువాత కొంగున దాచిన ఒక మడత తీసి, "ఇది మాత్రం వేరేగా చొక్కా జేబులో పెట్టుకోనుండె. ఆ సాయంత్రం పెట్టెంతా వెతికి తీసి, రేపు అన్నకు చూపించాల అన్నాడు" అని నా చేతిలో పెట్టారు.

ఒక లెక్కల కాగితం. ఉప్పు చెమ్మకు అంచులు రాలిపోయాయి. చేతిరాత నేను గుర్తుపట్టాను. బడి ఆఖరి పరీక్షలో నా కూతురు రాసిన జవాబు. అడ్డదిడ్డమైన పొలం వైశాల్యం కట్టమన్నారు. దాని పక్కన ఎర్రసిరాతో సున్నా. ఆ సున్నాను నీలిసిరాతో కొట్టివేసి, కింద మాస్టారు రాశారు: ‘పద్ధతి సరియైనది. ఆనాడు నేను చదవలేదు.’ దిద్దిన చోట సంతకం ఉండాలనేది ఆయన నియమం. పూర్తి సంతకం చేశారు. ఆ కాగితం ఏరింది నా అంగట్లో, ఉప్పు పొట్లాల్లో నుంచే. లెక్కల కాగితాలని చూడకుండా ఉప్పుకు వాడినవాణ్ణి నేను. ఆయన చదవలేదు. నేను చూడను కూడా లేదు.

కామాక్షి సెలవులు ముగియక ఇంట్లోనే ఉంది. కాగితం దాని ముందు పెట్టాను. చాలాసేపు చూసింది.

"పొట్లం కాగితం మడిచినట్టు పొలాన్ని మడిచినా నాయినా. నాలుగు మూలలూ చదరం చేసి, ఎక్కువైన ముక్కోణాలు తీసేసినా. పుస్తకంలో ఇట్టా లేదు" అంది. వేలితో లెక్క వెంట కిందికి వస్తూ ఒక చోట ఆగింది. నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "జవాబు మాత్రం తప్పే. ఏడు తొమ్ములు యాభై నాలుగని వేసినా. మాస్టారు ఇప్పుడు కూడా సరిగ్గా చూసుకోలేదు."

పెన్సిలు తీసుకుని యాభై నాలుగు కొట్టి అరవై మూడు వేసింది. అక్కడి నుంచి మళ్ళీ కట్టుకుంటూ వచ్చి జవాబు రాసింది. దాని పక్కన తన సంతకం పెట్టింది. "ఇది పొట్లం కట్టొద్దు నాయినా" అని మడిచి తన పెట్టెలో పెట్టుకుంది. మాస్టారు ఉంటే ఈ తప్పు చూపించి ఆయనతో ఎంత పోట్లాడి ఉందును!

ఇక ఒక్క మాట మిగిలింది. మొన్న మార్కుల పుస్తకాలు వచ్చాయి. ఇన్నేళ్ళ తరువాత కూడా పాత అలవాటు వదలని ఒకాయన తన కూతురిని వెంటబెట్టుకుని మాస్టారి ఇంటికి వెళ్ళాడట. జైనబ్బీ గారు విషయం చెప్పి, నా అంగటికి పొమ్మన్నారట. పడవలు కట్టే వడ్రంగి ఆయన. పుస్తకం నాకు చాచి, "సారు లేడంట గదన్నా. ఆయనతో తిరిగినోడివి, నువ్వన్నా చెప్పు. కాలేజీనా, ట్రైనింగా?" అన్నాడు. పుస్తకం తెరిచాను. నా కూతురికి వచ్చినట్టే, గట్టెక్కిందంటే గట్టెక్కిన మార్కులు. పిల్ల నేల చూస్తోంది. ముప్ఫై ఏళ్ళు అరిచిన నోరు నాది. పుస్తకం అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను.

లోపలి నుంచి కామాక్షి వచ్చింది. పుస్తకం నా చేతిలో నుంచి తీసుకుని, మార్కులు చూడకుండానే మూసి, ఆ పిల్ల చేతికిచ్చింది.

"పంపించన్నా" అంది.

"నిలబడతాదంటావా అమ్మా?"

"తెలియదు. పంపించు."

కరీముల్లా మాస్టారూ, మీరు జీవితమంతా సంపాదించుకుని చివరికి అరుగు మీద నిలబడి చెప్పగలిగిన మాట నా అంగట్లో వినబడింది. అది మీ గొంతు కాదు. మీరు ‘ట్రైనింగు’ అన్న నా బిడ్డ గొంతు. మీ బల్ల ఖాళీగానే ఉంది. ఎవరైనా కూర్చోబోతే, దుమ్ము తుడవాలని చెప్పి లేపేస్తున్నాను. రేకుపెట్టె కాగితాలు పొట్లాలు కట్టడం లేదు. బేరం లేని వేళ ఒక్కొక్కటే తీసి, మార్కులున్న మొదటి కాగితం పక్కకు తీసిపెట్టి, లెక్కలు చదవడం నేర్చుకుంటున్నాను. తప్పు పట్టడానికి మీరు లేరు.